రెండు చేతుల పరుగు

786

రాజోలు,
14-9-1983

కువైట్‌లో ఉన్న అత్తమ్మగారికి కోడలు హలీమా సలాం. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీ మోకాళ్ళ నొప్పి సంగతి పోయిన ఉత్తరంలో రాయించలేదు. ఈసారి తప్పకుండా రాయించండి. ఈ ఉత్తరం మీకు చదివి వినిపిస్తున్న పక్కింటి కృపమ్మగారికి నా సలాం చెప్పండి. చెప్పండి అంటున్నాను గానీ చదివేది ఆవిడే కదా, మీకంటే ముందే ఆవిడకి తెలిసిపోతుంది.

మీ అబ్బాయి కొబ్బరికాయల లోడు వేసుకుని నాగపూర్ వెళ్ళారు. బక్రీదు నాటికి వచ్చేస్తానన్నారు. మీరు పంపిన తెల్ల పాప్లిన్ గుడ్డ అందింది. ఆ గుడ్డని ఏం చేశానో చెప్పడానికే ఈ ఉత్తరం. నేను చదివింది అయిదో తరగతి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికి రెండు కాగితాలు చించేశాను.

మన సఫూరా సంగతి. మీ కూతురు నడవదు, పరిగెడుతుందని మీరే అనేవారు. ఆగస్టు పదిహేనున కాలేజీలో ఆడపిల్లలకి పరుగు పందెం పెట్టారు. సఫూరా లంగా ఓణీతోనే దిగింది. తల మీద ఓణీ జారకుండా ఎడమచేత్తో గడ్డం కింద బిగించి పట్టుకుని, కుడిచెయ్యి ఒక్కటే ఊపుకుంటూ పరిగెత్తి మూడోది వచ్చిందట.

మర్నాడు వాళ్ళ డ్రిల్లు టీచరు సుందరిగారు మన ఇంటికే వచ్చేశారు. నేను తలుపు వెనక నుంచుని మాట్లాడాను. ఆవిడ గుమ్మం బయట మెట్టు మీదే కూర్చుని అన్నారు: "ఏవండీ, ఈ పిల్ల ఒక చేత్తో పరిగెత్తి మూడోది వచ్చిందండీ. రెండు చేతులూ ఇచ్చి చూడండి ఏం చేస్తుందో. ముసుగు తీసెయ్యమని నేననట్లేదు. అది జారకుండా ఉండే ఉపాయం మీరేమన్నా చెయ్యగలరా? మీరు కుట్టుపని బాగా చేస్తారని ఈ పిల్లే చెప్పిందండీ."

ఆవిడ వెళ్ళిపోయాక నాకు నిద్ర పట్టలేదు. మూడు రోజుల్లో కుట్టాను. తల చుట్టూ బిగిసి ఉండి, గడ్డం కింద రెండు బొత్తాలు, మెడ వెనక నాడా. అంచులు చొక్కా కాలరు లోపలికి పోతాయి. పొడుగు చేతుల చొక్కా, మడమల దాకా పైజమా. చెవులూ జుట్టూ ఏమీ కనపడవు. మొహం ఒక్కటే.

ఇప్పుడు ఫజర్ నమాజు కాగానే ఏటిగట్టు మీదికి తీసుకెళుతున్నాను. బురఖా వేసుకుని మేకని పట్టుకుని నేను, ముందు తను. జనం లేచేలోపు ఇంటికి వచ్చేస్తాం. అత్తమ్మగారూ, రెండు చేతులతో మీ అమ్మాయి పరుగు మీరు చూడలేదు. నేను చూశాను. మేక కూడా గడ్డి మానేసి చూస్తోంది.

నవంబరులో కాకినాడలో జిల్లా పోటీలట. మైదానం చుట్టూ రెండు చుట్లు, ఎనిమిది వందల మీటర్లు. మీ అబ్బాయిని అడిగితే "అమ్మ ఎలాగంటే అలాగే" అన్నారు. మామగారు పోయాక ఈ ఇల్లు మీ కష్టం మీద నిలబడింది. మీరు సరేనంటే పంపుతాను. వద్దంటే ఆ గుడ్డలు పెట్టెలో పెట్టేస్తాను. మీ మాట కోసం చూస్తుంటాను.

మీ కోడలు,
హలీమా

*

కువైట్,
4-10-1983

కోడలు హలీమాకి అత్తగారు కాశింబీ దీవించి రాయించునది. నీ ఉత్తరం చేరింది. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఈ ఇంట్లో మెట్లు ముప్పై రెండు. మేడమ్మగారు మంచిదే గానీ ఆవిడ పిల్లలు రోజుకి మూడుసార్లు బట్టలు మారుస్తారు. ఉతికేది నేనే కదా.

మేకని అమ్మవద్దు. ఎవరడిగినా ఇవ్వవద్దు, అది పాలిచ్చేది. నాగపూర్ నుంచి రాగానే వంటింటి పైన పెంకులు సర్దించమని బాజీకి చెప్పు.

సఫూరా సంగతి విన్నాను. నా బంగారు తల్లి పరిగెడుతుందంటే నాకు సంతోషమే. నువ్వు కుట్టిన గుడ్డ మంచి ఆలోచన. తల మీది గుడ్డ తియ్యకుండా, ఒళ్ళు కనపడకుండా పరిగెత్తేటట్టయితే కాకినాడ పంపించు. నువ్వు తోడు వెళ్ళు. ఆడపిల్లకి ఒక అవకాశం వచ్చినప్పుడు కాదనకూడదు. వయసు పోయాక అనుకుంటే ఏం లాభం. భయపడకు, దేవుడు తోడుంటాడు.

ఇట్లు,
కాశింబీ

రాసినది కృపమ్మ, మలికిపురం. అమ్మాయ్ హలీమా, నీ రాత ముత్యాల్లా ఉంది. చదువుతుంటే మా ఇద్దరికీ ఊరు కళ్ళ ముందుకొచ్చింది.

*

786

రాజోలు,
23-11-1983

అత్తమ్మగారికి సలాం. ఈ ఉత్తరం ముందు శుభవార్తతో మొదలుపెడతాను, ఆగలేను. సఫూరా జిల్లాలో మొదటిది వచ్చింది!

జరిగింది జరిగినట్టు రాస్తాను. తెల్లవారుజామున బస్సెక్కి ముక్తేశ్వరం వెళ్ళి, పంటెక్కి కోటిపల్లి రేవు దాటి, మళ్ళీ బస్సులో కాకినాడ చేరాం. నేను, సఫూరా, సుందరి టీచరు, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు. పంటు మీద మా ఇద్దరి బురఖాలూ చూసి ఒకాయన "ఏ ఊరి పెళ్ళికమ్మా" అని అడిగాడు. సఫూరా "పందేనికండీ" అంది. ఆయన కోడిపందేలు అనుకున్నట్టున్నాడు.

మైదానంలో బురఖా విప్పి సఫూరా నేను కుట్టిన బట్టలతో నిలబడింది. పక్క పిల్లలందరూ మోకాళ్ళ దాకా లాగూలు. గోడ మీద కూర్చున్న కుర్రాళ్ళు "పెళ్ళికూతురు లేచిపోతోందిరోయ్" అని కేకలు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఈల పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి, "ఇదేం వేషమండీ? ఇలా కుదరదు. ఆ తలగుడ్డ ఊడి పక్క పిల్ల కాళ్ళకి చుట్టుకుంటే ఎవరిది పూచీ?" అన్నాడు.

సుందరి టీచరు, "ఊడదండీ" అన్నారు.

"ఊడదని మీరంటే సరిపోద్దా?"

టీచరు సఫూరా వెనక్కి వెళ్ళి, ఆ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. సఫూరా మూడడుగులు వెనక్కి తూలింది. గుడ్డ వెంట్రుకవాసి కదల్లేదు. మళ్ళీ గుంజారు. ఆ నాడా తెగుతుందేమోనని భయపడ్డాను. ఆ కుట్టు నేను రెండు వరసలు వేశానత్తమ్మా. తెగలేదు. పెద్దాయన మీసం దువ్వుకుని "సరే, నిలబడమ్మా. ఓడిపోయాక మాత్రం బట్టలు అడ్డం వచ్చాయని ఏడవకు" అన్నాడు. సఫూరా "ఆయ్" అంది, అంతే.

మొదటి చుట్టు నాలుగోది. రెండో చుట్టు సగంలో అందరినీ దాటేసింది. చివరికి వెనక్కి తిరిగి చూస్తే, రెండోది వచ్చిన అమ్మాయి ఇంకా పది బారల దూరంలో ఉంది. గోడ మీద కుర్రాళ్ళు నోరు మూసుకున్నారు. నేను ఎంతమందిలో ఉన్నానో కూడా మర్చిపోయి పెద్దగా ఏడ్చేశాను. పక్కనున్న ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చింది.

ఫిబ్రవరి పద్దెనిమిదిన గుంటూరులో రాష్ట్రం పోటీలు. అక్కడ గెలిస్తే కాలేజీలో ఫీజు లేకుండా చదివిస్తారని, తర్వాత ఉద్యోగం కూడా వస్తుందని టీచరు చెప్పారు. మీరు ఆనాడు ఒప్పుకోకపోతే ఇదంతా ఉండేది కాదు. నేను మీకు భయపడతానని మీకు తెలుసు. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆ భయం తగ్గింది. మీరు నాకు అమ్మలాగే అనిపిస్తున్నారు.

మేకని అమ్మలేదు. పెంకులు సర్దించాం.

మీ కోడలు,
హలీమా

*

కువైట్,
12-12-1983

హలీమాకి అత్తగారి దీవెనలు. ఉత్తరం చేరింది. అందరూ క్షేమమని విని సంతోషించాను. ఇక్కడ చలి మొదలైంది. నీళ్ళలో చేతులు పెడితే కొంకర్లు పోతున్నాయి.

మన రాజోలు చాంద్‌బాషా, ఇక్కడ డ్రైవరుగా ఉన్నవాడు, జనవరిలో సెలవు మీద వస్తున్నాడు. అతనితో మీకు బట్టలూ, ఒక క్యాసెట్టూ పంపుతున్నాను. క్యాసెట్టులో నా గొంతుతో నేనే మాట్లాడాను. బాజీని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. చాంద్‌బాషాని, వాళ్ళ వాళ్ళనీ మర్యాదగా చూడండి. మిగతా సంగతులు క్యాసెట్టులో.

ఇట్లు,
కాశింబీ

రాసినది కృపమ్మ. హలీమా, మీ ఇంటి సంగతులు ఎలా జరిగినా నువ్వు ధైర్యంగా ఉండు. నన్ను తప్పుగా అనుకోకు.

*

786

రాజోలు,
22-1-1984

అత్తమ్మగారూ, ఈ కాగితం చూసి కృపమ్మగారు "ఇదేం రాత" అని మీ చేతికే తిరిగి ఇచ్చి ఉంటారు. ఇది ఆవిడ చదవలేరు. మీరు చదవగలరు. ఇవి మన ఖురాన్ అక్షరాలు. మాటలు మాత్రం మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగే. మీకు రాయడం రాదు గానీ ఖురాన్ చదువుతారు కదా. నేనూ చిన్నప్పుడు కపిలేశ్వరపురంలో మా నానమ్మ దగ్గర ఆ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగులో ఉన్న కొన్ని అక్షరాలు వీటిలో లేవు. దగ్గరగా ఉన్నది పెట్టాను. వేలు పెట్టుకుని, పైకి అనుకుంటూ, నిదానంగా చదవండి. అర్థమవుతుంది. ఎవరినీ పిలవకండి.

మీ క్యాసెట్టు విన్నాం. చాంద్‌బాషాగారే టేప్‌రికార్డరు తెచ్చి మన అరుగు మీద పెట్టారు. వాళ్ళమ్మగారు, మీ తమ్ముడు మస్తాన్ మామూ, మీ అబ్బాయి, అందరూ కూర్చున్నారు. నేనూ సఫూరా తలుపు లోపల. మీ గొంతు వినగానే సఫూరా "అమ్మీ" అని ఏడ్చింది. మీరు అందరినీ పేరుపేరునా అడిగారు. మేకని అడిగారు. తర్వాత అన్నారు: "హలీమా, ఆడపిల్ల మైదానాల్లో పరిగెత్తడం వద్దన్నాను. వెంటనే మానిపించేశావని కృపమ్మ నీ ఉత్తరం చదివితే నా కడుపు చల్లబడింది. కోడలంటే నువ్వేనమ్మా. దెయ్యం పిల్లకి బుద్ధి చెప్పావు. ఇప్పుడు చాంద్‌బాషాతో నికా చేసి పంపించేస్తే నా దగ్గరే ఉంటుంది, ఇన్షా అల్లా."

అందరూ నా వైపు చూశారు. దండెం మీద సఫూరా పైజమా, తలగుడ్డ ఆరుతున్నాయి. ఆ పొద్దున్న పరిగెత్తి వచ్చినవి.

వాళ్ళు వెళ్ళాక మీ అబ్బాయి, "అమ్మ సరేనందని నువ్వే కదే నాకు చదివి చెప్పేవు?" అన్నారు. నేను పెట్టెలోంచి మీ ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన కూడబలుక్కుని చదివారు. రెండుసార్లు చదివారు. "ఇది మా అమ్మ మాట కాదు" అన్నారు. "ఆ కృపమ్మ సొంతంగా రాసేసింది. నీ ఉత్తరాలు కూడా తనకి తోచినట్టే చదివి ఉంటది. నీకు అనుమానం రాలేదా?"

నేను రాలేదని చెప్పాను.

అత్తమ్మా, ఈ అక్షరాలతో అబద్ధం రాయలేను. అనుమానం వచ్చింది. మీరు సఫూరాని ఎప్పుడూ దెయ్యం పిల్ల అంటారు. ఆ ఉత్తరంలో బంగారు తల్లి అని ఉంది. ఇన్షా అల్లా అనకుండా మీరు ఏ మాటా ముగించరు. అందులో ఎక్కడా లేదు. చదివిన రోజే ఇది మీ గొంతు కాదేమో అనిపించింది. మళ్ళీ రాసి అడగవచ్చు. అడగలేదు. అడిగితే వద్దంటారని భయం. పిల్ల రెండు చేతులతో పరిగెడుతుంటే చూసిన కళ్ళు నావి. నాకు కావలసిన మాట కాగితం మీద కనపడింది, దాన్నే నిజమనుకున్నాను. కృపమ్మగారి తప్పు ఎంతో నా తప్పూ అంతే. ఆవిడని ఏమీ అనకండి. అంత దూరంలో మీ మాట వినే మనిషి ఆవిడ ఒక్కరే.

ఇప్పుడు సంగతి వినండి. ఫిబ్రవరి పన్నెండున నికా పెట్టారు. పద్దెనిమిదిన గుంటూరులో పందెం. నికా అయితే పందెం లేదు. చాంద్‌బాషాగారు చెడ్డవారు కాదు. ముప్పై నాలుగేళ్ళు. "పరుగులవీ ఎందుకండీ, అక్కడ ఇంట్లో అన్నీ ఉంటాయి" అన్నారు మర్యాదగానే. సఫూరాకి పదిహేడు.

గుంటూరులో అందరికీ నీలం లాగూ, బనీనూ ఇస్తారని ముందు చెప్పారు. సఫూరా వేసుకోనంది. "తలగుడ్డ తీసి గెలిచి ఏం చేసుకోను భాబీ?" అంది. సుందరి టీచరు అర్జీ పెట్టారు, రంగు ఒకటే అయితే చాలన్నారు. నేను ఆ గుడ్డలన్నీ నీలం రంగులో ముంచి ఆరేశాను. అటువైపు వాళ్ళు ఒప్పుకున్నారు. ఇంక మీరు ఒక్కరే.

మీ నోటి మాట నాకు కావాలి. మీరు నిజంగా వద్దంటే నేను ఆ పిల్లని కూర్చోబెట్టి చెబుతాను. సరేనంటే నికా వారం రోజులు ఆపమని మీ అబ్బాయికి టెలిగ్రాం ఇప్పించండి. ఏదో ఒకటి చెప్పండి. మీ మాట లేకుండా ఇంకోసారి నా అంతట నేను ఏదీ నిజమనుకోలేను.

పిల్ల అన్నం తినడం లేదు. నాకూ సహించడం లేదు.

హలీమా

*

786

కపిలేశ్వరపురం,
14-2-1984

అత్తమ్మగారూ, ఇది కూడా ఆ అక్షరాలతోనే రాస్తున్నాను. మా అమ్మ ఇంటి నుంచి రాస్తున్నాను. ఎందుకు ఇక్కడున్నానో మీకు వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలి.

మీ జవాబు రాలేదు. పోస్టుమాన్ లోవరాజు గారు వీధి చివర కనపడగానే నేను రోజూ గుమ్మంలోకి వచ్చేదాన్ని. బయటికి రాని మనిషిని నేను. ఆయనకే జాలేసి, "లేదమ్మా, వస్తే పరిగెత్తుకుంటూ తెస్తాను" అన్నారు. పదకొండో తారీకు సాయంత్రం కూడా లేదు. మీ అబ్బాయిని కాళ్ళు పట్టుకుని అడిగాను, ఒక్క వారం ఆపండని. "టేపులో అమ్మ గొంతు విన్నావు. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. అది నిజమే. 

పన్నెండున ఇంటి ముందు పందిరి వేశారు. సఫూరాకి నేనే మెహందీ పెట్టాను.  పెడుతుంటే తను, "భాబీ, నువ్వేమంటావు?" అంది. "అమ్మ మాట రావాలి" అన్నాను. "అమ్మ మాట, అన్నయ్య మాట, కృపమ్మ మాట. నువ్వేమంటావని అడిగాను" అంది. నేను తల వంచుకుని మెహందీ పెడుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం మస్తాన్ మామూ ఇద్దరు సాక్షులతో పరదా దగ్గరికి వచ్చారు. మన ఇళ్ళలో ఆ సమయంలో పెళ్ళికూతురు నోరు విప్పదు. పక్కన కూర్చున్న భాబీయే ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి కొంచెం కిందికి వంచుతుంది. అదే ఒప్పుదల. నా నికా రోజున మా పిన్ని అలాగే వంచింది. ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో ఇప్పటికీ నాకు గుర్తు రాదు.

మామూ పేర్లన్నీ చదివి, "సఫూరా, నీకు సమ్మతమేనా తల్లీ?" అన్నారు.

నా చెయ్యి సఫూరా తల మీద ఉంది. ముసుగు కింద ఆ తల గట్టిగా నిలబడి ఉంది. ఎంత గట్టిగా అంటే, వంచాలంటే నేను బలం పెట్టాలి. చాంద్‌బాషా వాళ్ళమ్మగారు "ఊఁ, కానీ అమ్మా" అన్నారు. నా చెయ్యి అలాగే ఉండిపోయింది. మామూ రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. అప్పుడు సాక్షుల్లో ఒకాయన, "ఆడపిల్ల ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనండీ, సిగ్గుపడుతోంది. రాసెయ్యండి" అన్నాడు.

అత్తమ్మా, అప్పుడు నేను మాట్లాడాను. మగవాళ్ళ ఎదుట నా గొంతు ఎప్పుడూ వినపడలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో మస్తాన్ మామూకి నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు. పరదా ఇవతల నుంచి, "రాయకండి. అది సిగ్గు కాదు. పిల్ల ఒప్పుకోలేదు" అన్నాను.

 మీ అబ్బాయి అవతల నుంచి "హలీమా!" అని అరిచారు. నేను చెయ్యి తీసేశాను. సఫూరా మెల్లగా, అందరికీ వినపడేటట్టు, "నాకు సమ్మతం కాదు మామూ" అంది.

తర్వాత జరిగినవి రాయలేను. వండిన బిర్యానీ వండినట్టే ఉంది. చాంద్‌బాషాగారు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మగారు మాత్రం చాలా అన్నారు. మీ అబ్బాయి నన్ను కొట్టలేదు. కొడతారనుకున్నాను. "మీ అమ్మ దగ్గరికి పో. మా అమ్మ ఏమంటుందో తెలిసేదాకా రాకు" అన్నారు. బట్టలు సర్దుకుంటుంటే సఫూరా తన సంచి తెచ్చి నా పక్కన పెట్టింది. మీ అబ్బాయి ఆపలేదు, పొమ్మనీ అనలేదు. లారీ తీసుకుని వెళ్ళిపోయారు.

పదిహేడున పొద్దున్నే సుందరి టీచరు మమ్మల్ని రావులపాలెంలో కలుస్తారు. అక్కడి నుంచి గుంటూరు బస్సు. మీరు వద్దనే అంటారేమో. ఈసారి మీ మాట అనుకుని మోసపోయి వెళ్ళడం లేదు. మీ మాట లేదని తెలిసే వెళుతున్నాను. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కుతానో లేదో నాకు తెలియదు. ఇక్కడ మా అమ్మ, "సిగ్గుపడే పిల్లవి, ఇంత పని ఎలా చేశావే" అని పొద్దస్తమానం ఏడుస్తోంది. నాకూ తెలియడం లేదు. 

మీరు నన్ను కోడలు అనుకోకపోయినా మీకు సలాం చేసుకుంటున్నాను.

హలీమా

*

కువైట్,
2-3-1984, శుక్రవారం

హలీమాకి కాశింబీ రాయించునది.

నీ మొదటి కాగితం చదవడానికి నాకు మూడు శుక్రవారాలు పట్టింది. మిగతా రోజుల్లో ఈ ఇంట్లో కూర్చోవడానికి ఉండదు. ఒక్కొక్క మాట వేలు పెట్టుకుని, గొణుక్కుని చదివాను. మేడమ్మగారు చూసి నేను దువా చేస్తున్నాననుకుంది. అరవై ఏళ్ళకి దగ్గర పడ్డాను. నాకని రాసిన కాగితం నా అంతట నేను చదవడం ఇదే మొదలు. అది ఇలాంటి కాగితం అవ్వాలా? చదవడం ముగించి టెలిగ్రాం ఎలా ఇవ్వాలా అనుకుంటుంటే రెండోది వచ్చింది, అది రాత్రిళ్ళు నిద్ర మానుకుని చదివాను. ఇంకేం టెలిగ్రాం.

నాకు చాలా కోపంగా ఉంది. ఇది రాయించేటప్పుడు కూడా ఉంది. చాంద్‌బాషా చిన్నాన్న ఇక్కడ నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాడు. నా కూతురు నా కళ్ళ ముందు ఉంటుందని ఆశపడ్డాను. నాలుగేళ్ళయింది దాన్ని చూసి. ఆ ఆశ పోయింది. అది నీవల్లే పోయింది.

కృపమ్మని పది రోజులు పలకరించలేదు. పదకొండో రోజున చెత్త పారెయ్యడానికి వెళితే అక్కడే కూర్చుని ఏడుస్తోంది. "అక్కా, ఎనిమిదో క్లాసులో నన్ను బడి మానిపించి పెళ్ళి చేసేరు. మీరు వద్దు అని చెబుతుంటే నా చెయ్యి వద్దు అని రాయలేకపోయింది" అంది. నేను దాన్ని క్షమించలేదు. కానీ నా మాట రాసేవాళ్ళు ఎవరున్నారు? అందుకని ఇదీ దాని చేతే రాయిస్తున్నాను. రాశాక పక్కింటి డ్రైవరు, ఉప్పలగుప్తం సూర్యారావు చేత చదివించుకుని మరీ పంపుతాను.

బాజీకి వేరే ఉత్తరం రాయించాను. ఒప్పుదల లేకుండా చేసిన నికా నికా కాదని మా నాన్న నాకు చిన్నప్పుడు చెప్పాడు. నువ్వు ఆ తల వంచి ఉంటే ఆ పాపం నీకూ, నాకూ, మస్తాన్‌కీ వచ్చేది. అంత వరకు నువ్వు చేసింది తప్పని అనలేను. నన్ను అడగకుండా గుంటూరు తీసుకెళ్ళడం మాత్రం తప్పే. బాజీ వచ్చి నిన్ను తీసుకెళతాడో లేదో వాడి ఇష్టం. వాడికి చెప్పాల్సింది చెప్పాను. వాడు మొండివాడు, వాళ్ళ నాన్న పోలిక.

ఆ రెండు కాగితాలూ పారేద్దామని తీశాను. ఆ అక్షరాలు ఉన్న కాగితం చెత్తలో ఎలా పడేస్తాం? దాచాను.

ఇంతా రాసి అసలు సంగతి రాయలేదు నువ్వు. పందెం అయి రెండు వారాలు కావస్తోంది. ఎవరిని అడగను ఇక్కడ? రాత్రిళ్ళు ముప్పై రెండు మెట్లూ ఎక్కుతూ అదే ఆలోచన. తల మీది గుడ్డ ఆగిందా? దెయ్యం పిల్ల ఎన్నో వచ్చింది?

కాశింబీ

రాసినది కృపమ్మ. అక్క చెప్పినది చెప్పినట్టే రాశాను.
చదివి చూశాను, అలాగే ఉంది. సూర్యారావు, ఉప్పలగుప్తం.